పాచిలో కాపురం

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితమిస్తూ విశాఖపట్నంలో చేసిన ఉపన్యాసపు పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావు శతజయంతి ఏడాది, 1995లో, తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. అంతకు నాలుగు దశాబ్దాల ముందే ఆయన పేరు మరో చోట ఎక్కింది. 1953లో హెసెల్టైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక కొత్త శిలీంధ్రాన్ని వర్ణించి, దాని ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు. ఆ శిలీంధ్రం ఉండే చోటు మురుగునీటి శుద్ధి కేంద్రం. అక్కడ పెద్ద రాళ్ల గుట్ట మీద మురుగును నెమ్మదిగా చిమ్ముతారు. కొన్నాళ్లకు రాళ్లకు జిగురు పొర పడుతుంది. ఆ పొరలో కాపురముండే బాక్టీరియా, శిలీంధ్రాలు మురుగును తింటాయి, నీరు తేటపడుతుంది. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో జీవరసాయనం చేసి, లెడర్లీ ప్రయోగశాల నుంచి ప్రపంచానికి మందులు పంపిన మనిషి పేరు ఇలా ఒక పాచి పొరలో బతుకుతోంది. ఆయన చేసిన పని తెలిసినవాళ్లెవరూ దీన్ని చిన్న గౌరవం అనుకోరు. అలాంటి పొరే ప్రతి మనిషి పంటి మీదా ఉంది. స్మారకోపన్యాసానికి దాన్ని విషయంగా ఎంచుకోవడం అందుకే.

రేవు ఉన్న ఊళ్లో ఈ కథ చెప్పడం తేలిక. 1933లో విశాఖ రేవు తెరిచిన నాటి నుంచీ ఇక్కడికి వచ్చే ఓడలు సరుకుతో పాటు అడుగున ఇంకో బరువు మోసుకొస్తూనే ఉన్నాయి. ఉప్పునీటిలో దింపిన ఉక్కు రేకు మీద నిమిషాల్లోనే నీటిలోని సేంద్రియ పదార్థాలు పలచగా పూత కడతాయి. గంటల్లో బాక్టీరియా చేరతాయి. తర్వాత డయాటమ్‌లు, ఆ తర్వాత బార్నకిల్స్, ఆల్చిప్పలు. ఓడ వేగం తగ్గుతుంది, ఇంధనం ఖర్చు పెరుగుతుంది, చివరికి డ్రైడాక్‌లోకి ఎక్కించి గీకాల్సి వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.ఎన్. గణపతి, లక్ష్మణరావు, నాగభూషణం విశాఖ హార్బరులో ఓడలకూ కట్టడాలకూ పట్టే ఈ జీవుల మీద చేసిన అధ్యయనం 1958లో అచ్చయింది. 1960లలో కరీబియన్ వైపు నుంచి ఓడలను పట్టుకుని వచ్చిన ఒక చిన్న ఆల్చిప్ప ఇదే హార్బరులో తిష్ఠ వేసింది. దాని గురించి శాస్త్రలోకానికి తెలియజేసినవాళ్లలోనూ గణపతి ఉన్నారు.

బాక్టీరియాకు ఏదో ఒక గోడను అంటుకోవడమే ఇష్టమన్న సంగతి కూడా మొదట సముద్రం దగ్గరే తేలింది. కాలిఫోర్నియా తీరంలోని స్క్రిప్స్ సంస్థలో క్లాడ్ జోబెల్ 1943లో ఒక విషయం చూపించాడు. సీసాలో పట్టిన సముద్రపు నీటిలో బాక్టీరియా ఊరికే తేలుతూ ఉండటం కంటే గాజును పట్టుకుని ఎక్కువ చురుగ్గా బతుకుతాయి. నీటిలో ఆహారం పలచబడిన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది, ఎందుకంటే ఉన్న కాస్త ఆహారమూ గాజు మీదే పేరుకుంటుంది. ఉక్కు కర్మాగారాల్లో చల్లబరిచే నీరు తిరిగే గొట్టాలకు పొర పట్టేదీ ఇందుకే. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు, తన అడుగున ఉన్న లోహాన్ని కొరుకుతుంది.

నోట్లో కూడా పొర కట్టే వరస ఇదే. చర్మం రాలుతుంది, బుగ్గ లోపలి పొర రాలుతుంది. వాటిని పట్టుకున్న బాక్టీరియా వాటితో పాటే పోతాయి. ఒంటి మీద రాలని తలం పన్ను ఒక్కటే. బాగా తోముకుని పుక్కిలించిన మరుక్షణమే లాలాజలంలోని ప్రోటీన్లు ఎనామిల్ మీద కంటికి కనిపించని పూత వేస్తాయి. ఆ పూతలోని కొన్ని ప్రోటీన్లను గుర్తుపట్టి పట్టుకోగల అణువులు స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్, ఓరాలిస్, గోర్డోనీ లాంటివాటి ఒంటి మీద ఉంటాయి. వాటి వెనకే ఆక్టినోమైసిస్. తొలిగా చేరేవి ఇవే. తర్వాత వచ్చేవాటిలో చాలావాటికి పంటిని నేరుగా పట్టుకునే శక్తి అంతగా లేదు. అవి ముందు వచ్చినవాటిని పట్టుకుంటాయి.

ఈ పట్టుకోవడం గాలివాటం వ్యవహారం కాదు. రెండు జాతుల బాక్టీరియాను పరీక్షనాళికలో కలిపి ఊపితే కొన్ని జంటలు క్షణాల్లో గుంపుకట్టి అడుగుకు దిగిపోతాయి, కొన్ని జంటలు ఒకదాన్నొకటి పట్టించుకోవు. 1970లో గిబ్బన్స్, నైగార్డ్ దీన్ని రాశారు. తర్వాత పాల్ కోలెన్‌బ్రాండర్ బృందం ఏళ్ల తరబడి కూర్చుని ఎవరికి ఎవరితో పొత్తు కుదురుతుందో పట్టికలు వేసింది. ఆ పట్టికల్లో ఒక పేరు మళ్లీ మళ్లీ వస్తుంది: ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం. సన్నగా, పొడుగ్గా ఉండే ఈ బాక్టీరియా ముందు వచ్చినవాళ్లనూ పట్టుకుంటుంది, ఆలస్యంగా వచ్చే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటివాటికీ చెయ్యి అందిస్తుంది. నోట్లో ఉండగల బాక్టీరియా జాతులు మొత్తం 700 పైచిలుకు. వాటిలో ఎవరు ఎవరి పక్కన చేరతారన్నది చాలావరకు ఇలాంటి పొత్తుల మీదే తేలుతుంది.

2016లో జెస్సికా మార్క్ వెల్చ్, గ్యారీ బోరిసీ, సహచరులు పాచిని చెదరగొట్టకుండా తీసి, ఒక్కో జాతికి ఒక్కో రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూశారు. మధ్యలో కొరినెబాక్టీరియం పోగులు నిలువుగా లేచి ఉన్నాయి. ఆక్సిజన్, చక్కెర మొదట తగిలే పోగుల చివర్ల చుట్టూ స్ట్రెప్టోకాకస్‌లు గుంపుగా చేరాయి. ఆక్సిజన్ సరిపడనివి లోపల ఉన్నాయి. చిందరవందర మురికి అని దంతవైద్యం చాలాకాలం అనుకున్న పదార్థంలో ఎవరి చోటు వారికి ఉంది.

చోట్లతో పాటు లావాదేవీలూ ఉన్నాయి. స్ట్రెప్టోకాకస్‌లు చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. వీలొనెల్లా అనే బాక్టీరియాకు చక్కెరను తినే శక్తి లేదు, ఆ ఆమ్లమే దాని తిండి. ఒకరు పారేసింది ఇంకొకరి పళ్లెంలో పడుతుంది, మధ్యలో పంటికి తగలాల్సిన ఆమ్లం కొంత తగ్గుతుంది. పోరాటాలూ ఉన్నాయి. సాంగ్వినిస్, గోర్డోనీ హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను అదుపులో పెడతాయి. అది ఊరుకోదు, మ్యూటసిన్లనే విషాలతో బదులు తీర్చుకుంటుంది. ఇక 2015లో ప్రయోగశాలలో తొలిసారి పెంచగలిగిన టీఎం7ఎక్స్ సంగతి మరీ విడ్డూరం. అది బాక్టీరియా మీద బతికే బాక్టీరియా. మీటరులో కోట్లో వంతుల కొలతలతో చూడాల్సిన ఆ ప్రాణి ఒక ఆక్టినోమైసిస్ ఒంటిని పట్టుకుని బతుకుతుంది. తనకు కావలసిన ముఖ్యమైన పదార్థాలు చాలావరకు సొంతంగా తయారుచేసుకోలేదు.

ఇప్పుడు సుబ్బారావు దగ్గరికి రావాలి. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించాడు. ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది, రంగు చిక్కదనమే భాస్వరం లెక్క. జీవరసాయనంలో ఎక్కువగా వాడిన పద్ధతుల్లో అదొకటి. పంటి ఎనామిల్ ముఖ్యంగా కాల్షియం, భాస్వరం కలిసిన స్ఫటికమే గనుక, ఆమ్లంలో ఎనామిల్ ఎంత కరిగిందో తేల్చడానికి దంత పరిశోధకులకూ ఆ నీలిరంగు అక్కరకొచ్చింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని వేరుచేశాడు. కణం పనిచేయడానికి కావలసిన శక్తి ఈ ఏటీపీ రూపంలోనే చేతులు మారుతుందని తర్వాత తెలిసింది.

పుప్పిపంటి కథలో ఈ రెండూ ఎదురెదురుగా నిలబడతాయి. ఒకవైపు ఎనామిల్‌లోని భాస్వరం. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే అది కరగడం మొదలవుతుంది. రెండో వైపు మ్యూటన్స్ కణంలోని ఏటీపీ. తాను వదిలిన ఆమ్లంలో తానే చచ్చిపోకుండా ఉండటానికి ఈ బాక్టీరియా ఏటీపీని ఖర్చుపెట్టి లోపలికి వచ్చిన ప్రోటాన్లను బయటికి తోడిపోస్తుంది. ఆమ్లం తరచుగా తగిలే కొద్దీ ఆ తోడే యంత్రాలను ఇంకా ఎక్కువ తయారుచేసుకుంటుంది. తన ఒంటిపొరలోని కొవ్వు ఆమ్లాల కూర్పునూ మార్చుకుంటుంది. పక్కనున్న సాంగ్వినిస్‌కు ఇంత ఓపిక లేదు. పీహెచ్ పదేపదే దిగే నోట్లో అది తగ్గిపోతుంది, మ్యూటన్స్ పెరుగుతుంది. బ్రిటన్‌లో ఫిలిప్ మార్ష్ 1994లో ప్రతిపాదించిన పర్యావరణ సిద్ధాంతపు సారం ఇదే: పుప్పికి కారణం బయటి నుంచి వచ్చి పడిన శత్రువు కాదు, పరిస్థితి మారి పాత కాపురస్థుల్లో ఒకరికి కలిసి రావడం.

పరిస్థితిని మార్చేది తిండి. 1940లలో రాబర్ట్ స్టెఫాన్ పాచిలోకి సన్నని ఎలక్ట్రోడులు దింపి కొలిచాడు. చక్కెర నీళ్లతో పుక్కిలించగానే పీహెచ్ నిమిషాల్లో కిందికి జారి, మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట దాకా తీసుకుంది. పైకి లాగేది ముఖ్యంగా లాలాజలం, దానికి తోడు ఆర్జినిన్, యూరియాల నుంచి అమోనియా చేసే బాక్టీరియా. అంటే రోజుకు ఎంత చక్కెర తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పెద్ద ప్రశ్న. స్వీడన్‌లోని విపెహోమ్ ఆసుపత్రిలో మానసిక వికలాంగుల మీద చేసిన ప్రయోగం ఇదే తేల్చింది. భోజనంతో పాటు తిన్న చక్కెర చేసిన హాని తక్కువ, మధ్యమధ్యలో పళ్లకు అంటుకునే టాఫీలు తిన్నవాళ్ల పళ్లు పాడైపోయాయి. 1954లో అచ్చయిన ఆ ఫలితాలను నేటికీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అనుమతి అడగడానికి వీల్లేని మనుషుల పళ్లను పాడుచేసి సంపాదించిన జ్ఞానమని కూడా అదే పేజీలో చెప్పాలి.

ఈ లెక్కను ఇక్కడి బతుకులోకి తెచ్చుకుంటే చిత్రం కొంచెం కలవరపెడుతుంది. పక్కనే అనకాపల్లి, దేశంలో పేరున్న బెల్లం మార్కెట్. బెల్లంలో ఖనిజాలున్నాయని, చక్కెర కంటే మేలని ఇంటింటా నమ్మకం. మ్యూటన్స్‌కు ఆ తేడా తెలియదు. బెల్లంలోనూ ప్రధానంగా ఉన్నది సుక్రోజే. మిగతా చక్కెరల నుంచి ఈ బాక్టీరియా ఆమ్లం మాత్రమే చేస్తుంది, సుక్రోజ్ దొరికితే దాన్ని విడగొట్టి గ్లూకాన్ అనే జిగురు కూడా అల్లుతుంది. ఆ జిగురుతో పంటికి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, ఆమ్లాన్ని లాలాజలం కడిగేయకుండా లోపల పట్టి ఉంచుతుంది. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి గంటకోసారి తాగే తీపి టీకి ఉన్న ప్రమాదం పండగనాడు కడుపు నిండా తిన్న అరిసెలకు లేదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది గనుక, పడుకోబోయే ముందు తాగే చివరి కప్పు అన్నిటికంటే చెడ్డది.

మ్యూటన్స్ పిల్లలకు ఎక్కువగా తల్లి నుంచే వస్తుంది. ముద్ద చల్లారిందో లేదో నోట్లో పెట్టుకుని చూడటం, ఒకే చెంచాతో ఇద్దరూ తినడం దానికి దారులు. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి కొందరు వైద్యులు తల్లులను గదమాయించడం మొదలుపెట్టారు. అది అన్యాయం. బాక్టీరియా రావడం వేరు, అది పెత్తనం చేయడం వేరు. రెండోదానికి పాలసీసాలో కలిపిన పంచదార ఎక్కువ బాధ్యత వహించాలి.

ఫ్లోరైడు గురించి ఆంధ్రదేశంలో మాట్లాడేటప్పుడు జాగ్రత్త అవసరం. కొద్ది మోతాదులో అది ఎనామిల్‌ను ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది, బాక్టీరియా చక్కెరను విరిచే దారిలో ఈనొలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. ఎక్కువైతే ఏమవుతుందో నెల్లూరు ప్రాంతం నుంచి 1937లో షార్ట్ బృందం రాసిన వ్యాసమే లోకానికి చెప్పింది. వంగిపోయిన వెన్నెముకలు, మచ్చలు పడిన పళ్లు. నల్గొండ ఊళ్లకు ఆ సంగతి పుస్తకాలు చదివి తెలుసుకోవాల్సిన అగత్యం లేకపోయింది. ఫ్లోరైడు పేస్టు మంచిదే. పసిపిల్లలకు బియ్యపుగింజంత చాలు.

చిగుళ్ల జబ్బుది వేరే దారి. అక్కడ పాచికి కావలసింది చక్కెర కాదు, చిగురు వాచినప్పుడు ఊరే ద్రవంలోని ప్రోటీన్లు, రక్తంలోని ఇనుము. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హూస్‌లో హారాల్డ్ లో 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించాడు. మూడు వారాలు తిరగకుండానే అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే తగ్గిపోయాయి. వాపు వచ్చే కొద్దీ పాచిలో కాపురస్థులు మారారు, గుండ్రని స్ట్రెప్టోకాకస్‌ల స్థానంలో పొడుగు పోగులు, చివరికి మెలికలు తిరిగే స్పైరోకీట్లు వచ్చాయి. తర్వాత ఆయనే శ్రీలంక తేయాకు తోటల్లో దంతవైద్యం అన్నది ఎరుగని 480 మంది కూలీలను పదిహేనేళ్లు గమనించాడు. అందరి పళ్ల మీదా పాచి ఉంది, గార ఉంది. అయినా 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతం మందికి మెల్లగా, 11 శాతం మందికి చిగుళ్ల వాపును దాటి ముందుకే పోలేదు. అంటే పాచి సగం కథే. దానికి ఒంటి రక్షణ వ్యవస్థ ఎలా స్పందిస్తుందన్నది మిగతా సగం. పొగ తాగేవాళ్లకు ఇందులో ఇంకో మోసం ఉంది. పొగ వల్ల చిగుళ్ల నుంచి రక్తం కారడం తగ్గుతుంది, జబ్బు లోపల ముదురుతున్నా పైకి తెలియదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ మీద జెన్స్ పిండ్‌బోర్గ్, మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించింది. వాళ్లు వెతికింది అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ కోసం. అది తాగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

మందులతో దీన్నంతా తుడిచేయలేమా? ఈ ప్రశ్నకు మొదటి జవాబు 1683 నాటిదే. డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పంటి సందుల్లోని తెల్లటి పదార్థాన్ని తానే చేసుకున్న భూతద్దం కింద చూసి, కదులుతున్న చిన్ని ప్రాణుల గురించి 1683 సెప్టెంబరు 17న లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. వెనిగర్‌తోనూ ప్రయోగం చేశాడు. బయటికి తీసి కలిపితే ఆ ప్రాణులు చచ్చాయి. నోట్లో పళ్ల మీద ఉండగా పుక్కిలిస్తే పై వరసవి మాత్రమే చచ్చాయి, లోపలివి బతికే ఉన్నాయి. పొర లోపలికి మందు సరిగా చేరదని, చేరినా అక్కడ మెల్లగా పెరిగే కణాలు దానికి లొంగవని ఇప్పుడు తెలుసు. తేలుతున్న బాక్టీరియాను చంపే మోతాదుకు ఎన్నో రెట్లు పెంచినా పొరలోవి తట్టుకుంటాయి.

సుబ్బారావు ఆధ్వర్యంలో లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ 1945లో మట్టిలోని బాక్టీరియా నుంచి రాబట్టిన బంగారు రంగు మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి పరిచయమైంది. సుబ్బారావు పోయింది ఆ ఏడాది ఆగస్టులోనే. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది. ఎందరో రోగులకు అది ప్రాణదానం చేసింది. దంతవైద్యులకు మాత్రం మొదట తలనొప్పి తెచ్చింది, పళ్లు తయారయ్యే వయసులో వాడిన పిల్లలకు కాల్షియంతో కలిసిపోయి పసుపు, గోధుమ రంగు మచ్చలు మిగిల్చింది. అంతలో పాచి కూడా తన పని తాను చేసుకుంది. టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే టెట్-ఎం అనే జన్యువు నోటి స్ట్రెప్టోకాకస్‌లలో విరివిగా దొరుకుతుంది, ఒక జాతి నుంచి ఇంకో జాతికి దాటుతుంది. మ్యూటన్స్ ఒక చిన్న ప్రోటీన్ ముక్కను చుట్టూ వదులుతుంది. దగ్గరలో తనవాళ్లు తగినంత మంది ఉంటే ఆ సంకేతం చిక్కబడుతుంది. అప్పుడవి చచ్చిన ఇరుగుపొరుగుల డీఎన్‌ఏను లోపలికి లాక్కునే స్థితికి వస్తాయి. టొరంటోలో డెనిస్ స్విట్కోవిచ్ బృందం 2001లో కొలిచి చూస్తే, పొరలో ఉన్న మ్యూటన్స్ తేలుతున్నవాటి కంటే 10 నుంచి 600 రెట్లు ఎక్కువగా బయటి డీఎన్‌ఏను కలుపుకుంది.

టెట్రాసైక్లిన్లకు చిగుళ్ల వైద్యంలో తర్వాత దొరికిన చోటు ఎవరూ ఊహించనిది. అమెరికాలో లోర్న్ గోలబ్ బృందం ఈ మందులు బాక్టీరియాను చంపడంతో సంబంధం లేకుండా, చిగుళ్లలోని కొల్లాజన్‌ను కరిగించే మన ఒంటి ఎంజైములనే అడ్డుకుంటాయని చూపించింది. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను పూటకు 20 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు రెండుసార్లు ఇచ్చే చికిత్సకు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. బాక్టీరియాను చంపడానికి చాలని మోతాదది. చంపకూడదనే అంత ఇస్తారు. అది కూడా గార తీసిన తర్వాతే, గీకుడుకు తోడుగానే.

టీవీ ప్రకటనల్లో సూక్ష్మజీవులన్నిటినీ తుడిచిపెట్టేస్తామనే మౌత్‌వాష్‌లకు మరో చిక్కు ఉంది. తోటకూర, పాలకూరల్లోని నైట్రేటును నాలుక వెనక ఉండే బాక్టీరియా నైట్రైటుగా మారుస్తాయి. మింగాక అది నైట్రిక్ ఆక్సైడుగా మారి రక్తనాళాలను సడలిస్తుంది. ఈ మొదటి మెట్టు పని మనిషి కణాలకు సరిగా చేతకాదు. 2013లో లండన్‌లో 19 మంది ఆరోగ్యవంతులు వారం రోజులు క్లోర్‌హెక్సిడిన్ అనే మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే లాలాజలంలో నైట్రైటు బాగా పడిపోయింది, రక్తపోటు 2 నుంచి 3.5 పాయింట్ల దాకా పెరిగింది. శస్త్రచికిత్స తర్వాత బ్రష్ పెట్టలేని రోజుల్లో క్లోర్‌హెక్సిడిన్ మంచి మందే, దంతవైద్యులు రెండు వారాలకు రాసేదీ అందుకే. రేవులో ఓడను గీకినట్టు పంటిని రోజుకు రెండుసార్లు గీకడం వల్ల మాత్రం నాలుక మీది కాపురస్థులకు అంత నష్టం లేదు. పంటి మీద మళ్లీ పూత పడుతుంది, మళ్లీ సాంగ్వినిస్ వస్తుంది, పోర్ఫిరోమోనాస్‌కు కావలసినంత ఆలస్యం అయ్యేలోపు మళ్లీ బ్రష్ వస్తుంది.